ఒక డేటాబేస్ – పెక్కు ద్వారములు

ఆమదాలవలసలోని శ్రీకాకుళం రోడ్ స్టేషనులో టిక్కెట్టు రిజర్వు చేయించుకొను ప్రయాణికునికి గుమాస్తా ముందున్న కంప్యూటరు మాత్రమే కనిపించును. బెర్తుల లెక్క దూరమందలి డేటాబేస్‌లో ఉండును. ఢిల్లీ, ముంబయి, కోల్‌కతా, చెన్నై, సికింద్రాబాదు కేంద్రములను 1999లో కలిపినందున, పరప్రాంతపు బండికి కూడ ఇక్కడనే టిక్కెట్టు దొరకుచున్నది.

ముఖ్యమైన లెక్కలను ఒకే యంత్రమునకు అప్పగించుట ప్రమాదము. అందుచే కొన్ని యంత్రములు కలిసి ఒక డేటాబేస్‌ను నడుపును. ఈ సమూహమే క్లస్టర్. కాని అడుగు కంప్యూటరుకు ఒక్క యంత్రము చిరునామా మాత్రమే తెలిసినచో, అది ఆగినప్పుడు తక్కినవి ఉండియు ప్రయోజనము లేదు. కావున మూడు ఏర్పాట్లు అవసరము.

మొదటిది, అన్ని చిరునామాలు తెలుపుట. పోస్ట్‌గ్రెస్ అను డేటాబేస్‌లో 2017 నాటి 10వ కూర్పు నుండి ఈ వీలు కలదు. మార్పులు వ్రాయనిచ్చు యంత్రమునే వెదకుమనియు ఆదేశింపవచ్చును.

రెండవది, గడువు. ఇన్ని సెకనులలో జవాబు రానిచో తరువాతి చిరునామాకు పోవలెనని ముందే నిర్ణయింపవలెను. అయితే 2018 అక్టోబరు నాటి తిత్లీ వంటి తుపానులో ఊరి తంతియే తెగినచో చిరునామాలు ఎన్ని ఉన్నను ఫలము లేదు. వేరొక దారి ఉండవలెను.

మూడవది మిక్కిలి ముఖ్యము. బెర్తు కేటాయించిన పిమ్మట, జవాబు చేరకముందే సంబంధము తెగిందనుకొనుడు. కోరికను మరల పంపినచో రెండు టిక్కెట్లు కావచ్చును! అందుచే ప్రతి కోరికకు ఒక సంఖ్య నిచ్చి, మరల పంపునప్పుడు ఆ సంఖ్యనే వాడవలెను. అప్పుడు డేటాబేస్ పాత కోరికను గుర్తించి, పాత జవాబునే ఇచ్చును.