అరువు ఖాతాలకు డేటాబేస్: తక్కువ ఖర్చుతో తగిన సాధనాలు

విత్తనాలు, ఎరువులు అరువుపై ఇచ్చే డీలరుకు ఖాతా పుస్తకమే ఆధారం. ఒకే ఊరిలో ఒకే పేరు గల రైతులు ఇద్దరు ముగ్గురు ఉండుట సాధారణం. ఒకరి బాకీ మరొకరి పేర నమోదైనచో డీలరు సొమ్ము, రైతు పరువు రెండూ చిక్కున పడతాయి. బ్యాంకుకు సమర్పించే బాకీల జాబితా కూడా తప్పుతుంది. లెక్కలను కంప్యూటరులో ఎక్కించినంత మాత్రాన ఈ చిక్కు తీరదు. పట్టికల అమరిక సరిగా ఉండవలెను.

సమాచారాన్ని పరస్పర సంబంధం గల పట్టికలుగా నిలుపు విధానాన్ని 1970లో ఇ.ఎఫ్. కాడ్ ప్రతిపాదించారు. ఆ సంబంధాలను బొమ్మగా గీసి చూపు పద్ధతిని 1976లో పీటర్ చెన్ ప్రకటించారు. ఈ బొమ్మకు కాగితం, పెన్సిలు చాలును. రైతులు, సరుకులు, బిల్లులు, బిల్లులోని సరుకులు, జమలు అని అయిదు పట్టికలు గీయవలెను. ప్రతి రైతుకు ఒక ప్రత్యేక సంఖ్య ఇచ్చి, బిల్లులోను, జమలోను ఆ సంఖ్యనే వ్రాయవలెను. ఫోను నంబరు మారినపుడు ఒక్కచోట దిద్దితే సరిపోతుంది. అమ్మిన నాటి ధర మాత్రం బిల్లుతోనే నిలిచి ఉండవలెను. లేనిచో సరుకు ధర మార్చిన నాడు పాత బాకీలు సైతం మారిపోతాయి.

బొమ్మ కుదిరిన పిదప సాధనాన్ని ఎంచుకొనవచ్చును. ఒకే కంప్యూటరు గల దుకాణానికి లిబ్రేఆఫీస్ బేస్ అనుకూలం. పట్టికలు, వాటి సంబంధాలు, నమోదు ఫారాలు, నివేదికలు అన్నీ అందులో ఉచితంగా లభిస్తాయి. ఒకేసారి పలువురు నమోదు చేయు చోట మైఎస్‌క్యూఎల్ కమ్యూనిటీ ఎడిషన్ గాని, పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ గాని తగినవి. రెండింటికీ లైసెన్సు రుసుము లేదు. మొదటిదానికి మైఎస్‌క్యూఎల్ వర్క్‌బెంచ్ కమ్యూనిటీ ఎడిషన్‌లో బొమ్మ గీసి, దాని నుండే పట్టికలు తయారుచేయవచ్చును. డీబీవర్ కమ్యూనిటీ ఎడిషన్ ఇదివరకే ఉన్న పట్టికల సంబంధాలను బొమ్మగా చూపుతుంది.

ఉచితమన్న మాటతోనే తృప్తి పడరాదు. నేర్పించువారికి, మరమ్మతు చేయువారికి అయ్యే ఖర్చును కూడా లెక్కించవలెను. డబ్బు పెట్టి కొనే సాఫ్ట్‌వేరైనా సరే, ముందుగా మూడు ప్రశ్నలు వేయండి. తెలుగు పేర్లు చెడకుండా నిలుస్తాయా? సమాచారమంతా సి.ఎస్.వి. ఫైలుగా బయటకు తీయవచ్చునా? చందా ఆపినచో మన ఖాతాలు మనకు దక్కుతాయా? ఏ ఒక్కదానికి సమాధానం స్పష్టంగా రాకున్నా ఆ సాధనాన్ని విడిచిపెట్టుట మేలు.

తొలుత ఇరవై మంది రైతుల ఖాతాలు ఎక్కించి, ఒక పంటకాలం పాటు పుస్తకంతో సరిచూడండి. ప్రతి దినం నకలు తీసి వేరొక చోట భద్రపరచండి. బాకీ ఎంతని అడిగిన రైతుకు తేదీల వారీగా బిల్లులు, జమలు చూపగలిగిననాడు తగవుకు తావుండదు.