నానోసెకనుకు 30 సెంటీమీటర్లు

రేడియో తరంగం ఒక నానోసెకనులో దాదాపు 30 సెంటీమీటర్లు వెళ్తుంది, మైక్రోసెకనులో 300 మీటర్లు. వేర్వేరు చోట్ల పెట్టిన రిసీవర్లకు సిగ్నల్ ఎంత తేడాతో చేరిందో చూసి ట్రాన్స్‌మిటర్ ఎక్కడుందో కనిపెట్టాలంటే ఈ లెక్కే ఆధారం. రిసీవర్ల గడియారాల మధ్య ఒక్క మైక్రోసెకను తేడా ఉన్నా, దూరాల లెక్క 300 మీటర్లు తప్పుతుంది.

సిగ్నల్ పని చాలావరకు కంప్యూటర్ ప్రోగ్రాం చూసుకునే సాఫ్ట్‌వేర్ రేడియోలో చిక్కు ఇంకా ఎక్కువ. సెకనుకు 2 కోట్ల శాంపిళ్లు తీస్తే ఒక్కో శాంపిల్‌కు 50 నానోసెకన్లు, అంటే 15 మీటర్లు. ఆ శాంపిల్ యూఎస్‌బీ దాటి కంప్యూటర్‌కు చేరేసరికి వందల మైక్రోసెకన్లు గడిచిపోవచ్చు. ఒక్కోసారి మిల్లీసెకన్లే పడతాయి. పైగా ఆ ఆలస్యం ఒకసారి ఉన్నట్టు మరోసారి ఉండదు. పంపేటప్పుడూ అంతే: ప్రోగ్రాంలో ‘ఇప్పుడు పంపు’ అని రాస్తే ఆ ‘ఇప్పుడు’కు అర్థమే లేదు. అందుకే యూఎస్‌ఆర్‌పీ లాంటి సాఫ్ట్‌వేర్ రేడియో బోర్డుల్లో కాలాన్ని లెక్కపెట్టేది కంప్యూటర్ కాదు, బోర్డు మీదే ఉన్న ఎఫ్‌పీజీఏ చిప్. జీపీఎస్ రిసీవర్ ఇచ్చే సెకనుకొక పల్స్ రాగానే కౌంటర్‌ను సున్నా చేయమని, కలిసి పనిచేయాల్సిన రెండు బోర్డులకూ ముందే చెప్పి ఉంచుతారు. ఆ తర్వాత ఫలానా లెక్క దగ్గర పంపమంటే చాలు. ఆదేశం వేళకు ముందే చేరితే యూఎస్‌బీ ఆలస్యంతో పని లేదు.

కలిసి బయల్దేరడం ఒక ఎత్తు, కలిసి నడవడం మరో ఎత్తు. బోర్డు గడియారాన్ని నడిపే క్రిస్టల్‌లో పది లక్షల్లో 2 వంతుల తప్పుంటే, అది సెకనుకు 2 మైక్రోసెకన్లు జారుతుంది. నిమిషం తిరిగేసరికి 120 మైక్రోసెకన్లు, అంటే 36 కిలోమీటర్లు! అందుకే పల్స్‌తోపాటు రెండు బోర్డులకూ ఒకే వేగంతో నడిచే 10 మెగాహెర్ట్జ్ రిఫరెన్స్ ఇచ్చి తీరాలి.

జీపీఎస్‌ను కూడా గుడ్డిగా నమ్మకూడదు. 2016 జనవరి 26న ఒక పాత ఉపగ్రహాన్ని సేవ నుంచి తప్పించే క్రమంలో, జీపీఎస్ ప్రసారం చేసే సమయంలో 13 మైక్రోసెకన్ల తప్పు దొర్లింది. స్థానం చూపించే సేవ మామూలుగానే నడిచింది. దెబ్బ పడింది సమయం కోసం జీపీఎస్ మీద ఆధారపడ్డ వ్యవస్థలకు. బ్రిటన్‌లో డిజిటల్ రేడియో ప్రసారాలకు అంతరాయం కలిగింది.

కొన్ని యాంటెన్నాలు కలిపి సిగ్నల్ ఏ దిక్కునుంచి వస్తోందో చూడాలంటే నానోసెకన్ల కచ్చితత్వం కూడా చాలదు. 1 గిగాహెర్ట్జ్ దగ్గర ఒక నానోసెకను అంటే పూర్తి 360 డిగ్రీల ఫేజ్, 10 పికోసెకన్లంటే 3.6 డిగ్రీలు. ఇక్కడ కేబుల్ పొడవు కూడా లెక్కలోకి వస్తుంది. మామూలు కోయాక్స్‌లో మీటరుకు సుమారు 5 నానోసెకన్లు పడుతుంది. అందుకే బోర్డులను తెచ్చి ఒకే బల్లమీద పెట్టి పరీక్షించడం నాకు తప్పనిసరి అనిపిస్తుంది. స్ప్లిటర్ నుంచి ఒకే సిగ్నల్‌ను రెండు కేబుళ్లతో రెండింటికీ ఇచ్చి, తేడా కొలవాలి. స్ప్లిటర్‌ను కదపకుండా, కేబుళ్లు మాత్రం అటుదిటు మార్చి మళ్లీ కొలవాలి. రెండు కొలతల సగటు బోర్డులది (స్ప్లిటర్‌లో తేడా ఉంటే అదీ ఇందులోనే), కొలతల తేడాలో సగం కేబుళ్లది.