శీతాకాలంలో పడవ ఇంజను సంరక్షణ

శీతాకాలంలో పడవ ఇంజను సంరక్షణ అనగా చలిదేశాలలో పడవలు నీటిపై తిరగని నెలలలో వాటి ఇంజనుకు తుప్పు పట్టకుండా, లోపలి నీరు గడ్డకట్టి భాగాలు పగలకుండా ముందుగా తీసుకొనే జాగ్రత్తలు. కెనడా, స్వీడన్, ఫిన్లాండ్ వంటి దేశాలలోను, అమెరికా ఉత్తర రాష్ట్రాలలోను సరస్సులు గడ్డకడతాయి. అందువలన అక్కడ చాలా పడవలను చలి ముదరక ముందే ఒడ్డుకు చేర్చి, వసంతకాలంలో మళ్ళీ నీటిలోకి దింపుతారు. ఈ మధ్యకాలం చాలా చోట్ల అయిదారు నెలలు ఉంటుంది. ఇంజనుకు పనిచేసే రోజులలో కంటే కదలకుండా ఉన్న ఈ నెలలలోనే తుప్పు ముప్పు ఎక్కువ.

తుప్పు పట్టడానికి కారణాలు

ఇనుము నీటితోను, ఆక్సిజన్‌తోను చర్య జరిపినప్పుడు ఏర్పడే జలయుత ఐరన్ ఆక్సైడ్‌ను తుప్పు అంటారు. నీటిలో ఉప్పు ఉంటే దాని విద్యుత్ వాహకత పెరిగి ఈ చర్య వేగవంతమవుతుంది. గాలిలో సాపేక్ష ఆర్ద్రత సుమారు 60 శాతం దాటితే, కంటికి తడి కనిపించకపోయినా ఇనుము తుప్పు పట్టే వేగం బాగా పెరుగుతుంది.

నడుస్తున్న ఇంజనులో సిలిండరు గోడలు, పిస్టను రింగులు, బేరింగులపై నూనె పొర ఎప్పటికప్పుడు పరచుకుంటుంది. వేడికి తేమ ఆవిరైపోతుంది. ఇంజను ఆగిన తరువాత ఈ రెండు రక్షణలూ తొలగిపోతాయి. నూనె క్రమంగా కిందికి జారుతుంది. లోహం చల్లగా, గాలి వెచ్చగా ఉన్న వేళలలో గాలిలోని తేమ లోహంపై నీటి బిందువులుగా చేరుతుంది. తెరచి ఉన్న వాల్వుల ద్వారా తడి గాలి సిలిండరులోకి కూడా ప్రవేశిస్తుంది. తుప్పు ముదిరితే పిస్టను రింగులు సిలిండరు గోడలకు అతుక్కొని ఇంజను తిరగకుండా పోతుంది.

గడ్డకట్టే నీటితో ప్రమాదం

నీరు గడ్డకట్టినప్పుడు దాని ఘనపరిమాణం సుమారు 9 శాతం పెరుగుతుంది. ఇంజను లోపలి మార్గాలలో నీరు మిగిలి ఉంటే, ఆ ఒత్తిడికి పోత ఇనుముతో చేసిన బ్లాకు సైతం పగిలిపోవచ్చు. సరస్సు లేదా సముద్రపు నీటిని నేరుగా లోపలికి తీసుకొని చల్లబడే ఇంజనులకు ఈ ప్రమాదం ఎక్కువ.

భద్రపరచే విధానం

పనుల వరుస ఇంజను రకాన్ని బట్టి కొంత మారుతుంది. సాధారణంగా పాటించే క్రమం ఇది:

1. పెట్రోలులో నిల్వకు పనికివచ్చే స్థిరీకరణ ద్రవాన్ని కలిపి, అది ఇంధన మార్గమంతటా చేరేవరకు ఇంజనును నడుపుతారు. ఇథనాల్ కలిసిన పెట్రోలు తేమను పీల్చుకుంటుంది. డీజిలు ట్యాంకు అడుగున నీరు చేరితే సూక్ష్మజీవులు పెరిగి ఫిల్టరును మూసివేస్తాయి.
2. ఇంజను వెచ్చగా ఉండగానే పాత ఆయిలును తీసివేసి, ఫిల్టరు మార్చి, కొత్త ఆయిలు పోస్తారు. వాడిన ఆయిలులో ఆమ్లాలు, నీరు ఉంటాయి. వాటిని నెలల తరబడి ఉంచితే బేరింగులు దెబ్బతింటాయి.
3. ఉప్పునీటిలో తిరిగిన ఇంజను అయితే నీటి మార్గాలను మంచినీటితో కడుగుతారు.
4. మిగిలిన నీటిని వంపివేసి, తుప్పు నిరోధకాలు కలిసిన ప్రొపైలీన్ గ్లైకాల్ ద్రవాన్ని నింపుతారు. ఇథిలీన్ గ్లైకాల్ విషపూరితం కావడం వలన నీటిలోకి వదిలే అవకాశం ఉన్నచోట దానిని వాడరు.
5. పెట్రోలు ఇంజను సిలిండర్లలోకి ఫాగింగ్ ఆయిలును పొగమంచు వలె చల్లుతారు. నడుస్తున్న డీజిలు ఇంజనులో ఈ విధంగా చల్లరాదు. ఆ నూనె కూడా ఇంధనంగా మండి ఇంజను వేగం అదుపు తప్పవచ్చు.
6. గాలి లోపలికి వెళ్ళే మార్గాన్ని, పొగగొట్టాన్ని నూనెలో తడిపిన గుడ్డతో మూస్తారు. ఆ విషయం కాగితంపై వ్రాసి తాళంచెవికి కడతారు.
7. గేరుపెట్టె నూనెను పరీక్షిస్తారు. అది పాలవలె తెల్లబడితే లోపలికి నీరు చేరినట్లు గుర్తు.
8. పైభాగాన్ని కడిగి, ఆరబెట్టి, తేమను తొలగించే నూనెను పూస్తారు. 1953లో అమెరికాలోని శాన్ డియాగోలో రూపొందిన డబ్ల్యుడి-40 ఈ తరగతికి చెందినదే. అయితే ఇటువంటి పలుచని నూనెల కంటే మైనం కలిసిన చిక్కని పూతలు ఎక్కువ కాలం నిలుస్తాయి.

పడవను గాలి చొరబడని ప్లాస్టిక్ గుడ్డతో బిగించి కప్పితే తేమ లోపలే నిలిచిపోతుంది. అందువలన కప్పులో గాలి ఆడే మార్గాలు ఉంచాలి.

సాధారణ పొరపాటు

శీతాకాలం మధ్యలో అప్పుడప్పుడు ఇంజనును కొద్ది నిమిషాలు నడిపితే మంచిదని కొందరు భావిస్తారు. ఫలితం దీనికి విరుద్ధంగా ఉంటుంది. ఒక లీటరు పెట్రోలు మండినప్పుడు సుమారు ఒక లీటరు నీరు ఆవిరి రూపంలో వెలువడుతుంది. ఇంజను పూర్తిగా వేడెక్కక ముందే ఆపివేస్తే అందులో కొంత లోపలే నీరుగా మారి ఆయిలులోను, పొగగొట్టంలోను మిగిలిపోతుంది. పూసిన ఫాగింగ్ ఆయిలు కూడా కాలిపోతుంది. ఒకసారి భద్రపరచిన ఇంజనును వసంతం వరకు కదపకుండా ఉంచడమే మేలు.

మళ్ళీ నడిపేటప్పుడు

ముందుగా మూసిన గుడ్డలను తొలగించాలి. తరువాత ఇంజనును చేతితో నెమ్మదిగా తిప్పి, అది స్వేచ్ఛగా తిరుగుతున్నదని నిర్ధారించుకోవాలి. బయటకు వచ్చే గ్లైకాల్ ద్రవాన్ని పాత్రలో పట్టాలి.

ఆంధ్ర తీరంలో

ఆంధ్రప్రదేశ్ తీరంలో నీరు గడ్డకట్టదు. కాని చేపల సంతానోత్పత్తి కాలంలో వేటపై నిషేధం వలన మరపడవలు రేవులలో నిలిచిపోతాయి. తూర్పు తీరంలో ఈ నిషేధం 2015 నుండి ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వరకు, 61 రోజులుగా ఉంది. ఇక్కడ చలికి సంబంధించిన జాగ్రత్తలు అవసరం లేకపోయినా, ఉప్పు గాలి, అధిక తేమ వలన మంచినీటితో కడగడం, ఆయిలు మార్చడం, గాలి మార్గాలను మూయడం వంటి పనులు ఇంజనుకు అంతే మేలు చేస్తాయి. నిషేధం ముగిసిన తరువాత నడి సముద్రంలో ఇంజను మొరాయిస్తే మత్స్యకారుల ప్రాణాలకే ముప్పు కాబట్టి, ఒడ్డున ఉన్న కాలంలో తీసుకొనే ఈ జాగ్రత్తలకు ప్రాధాన్యం ఉంది.

ఇవి కూడా చూడండి

తుప్పు
డీజిల్ ఇంజను
చేపల వేట