పడవకు రంగు, పసుపు సాక్ష్యము

సిరికొండ ప్రాంతపు రైతులకు పసుపు గుణము వేరుగా చెప్పనక్కరలేదు. పసుపు నీటిలో సున్నము కలిపినచో అది పారాణివలె ఎర్రనగును. ఈ చిన్న సంగతియే అల్యూమినియపు పడవకు పాత రంగు తీయునపుడు పంచాయతీ సొమ్మును, వరదవేళ మనుష్యుల ప్రాణములను కాపాడగలదు.

నిజామాబాదు జిల్లాలో పోచంపాడువద్ద గోదావరిపై శ్రీరామసాగరమునకు 1963 జూలై 26వ తేదీన జవహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన చేసిరి. అట్టి జలాశయముల ఒడ్డునను, పెద్ద చెరువులున్న గ్రామములందును చేపల వేటకో, వరద సహాయమునకో పడవ అవసరపడును. అల్యూమినియపు పడవ తేలిక, త్రుప్పు పట్టదు. గాలి సోకగానే ఆ లోహముపై పలుచని పొర యేర్పడి దానిని కాపాడుచుండును.

ఇనుప గేటు రంగును కాస్టిక్ సోడాతో తీయు అలవాటు కొందరికి కలదు. సోడా ఇనుమునకు అంతగా హాని చేయదు. కాని అల్యూమినియపు పొరను కరిగించి, పిదప లోహమునే తినివేయును. అపుడు మండెడి హైడ్రోజన్ వాయువు కూడ వెలువడును. పలుచబడిన రేకును క్రొత్త రంగు కప్పివేయును. లోపము ఒడ్డున కనబడక నడినీటిలో బయటపడును.

కావున రంగు తీయు మందు కొనినపుడు పరీక్షింపవలెను. కాగితమును పసుపు నీటిలో ముంచి నీడన ఆరబెట్టుడు. చేతికి తొడుగు వేసికొని, మందు చుక్కను నీటిలో కలిపి ఆ కాగితముపై వేయుడు. ఎర్రనైనచో అందు క్షారము కలదు, పడవకు పనికిరాదు. ఎర్రబడకున్నను, అల్యూమినియమునకు తగినదని డబ్బాపై వ్రాసియున్న మందునే వాడవలెను. కొన్ని మందుల ఆవిరి మూసిన గదిలో ప్రాణాంతకము. పని ఆరుబయటనే జరుగవలెను.

మెత్తబడిన రంగును కొయ్య లేక ప్లాస్టిక్ పలకతో గీకవలెను. ఇనుప తీగల బ్రష్షు కూడదు. దాని తునకలు రేకులో నాటుకొని అచ్చట లోహము చెడును. మంటతో కాల్చుట మరియు ప్రమాదము. అల్యూమినియము 660 డిగ్రీల సెంటీగ్రేడువద్ద కరగును. ఇనుమువలె ముందుగా ఎర్రబడి హెచ్చరింపదు.

పాత రంగులో సీసము ఉండవచ్చును. ఇండ్ల రంగులలో సీసమును పది లక్షల భాగములకు 90 భాగములకు పరిమితము చేయు నియమములు 2016లో వెలువడి, 2017 నవంబరునుండి అమలులోనికి వచ్చినవి. అంతకుముందటి రంగును పొడిగా రుద్దక, తడిపి ఉప్పుకాగితముతో రుద్దవలెను. క్రింద పట్టా పరచి పెచ్చులను ప్రోగుచేయవలెను, చెరువులో పడనీయరాదు. పిల్లలను, పశువులను దూరముగా నుంచవలెను.

పిదప మంచినీటితో పలుమారులు కడిగి, తుది నీటిని పసుపు కాగితముతో చూడవలెను. రంగు మారనిచో సబ్బు, క్షారము పోయినట్లే. ఆరిన పడవను నునుపు పోవునట్లు రుద్ది, అల్యూమినియమునకు తగిన ప్రైమరును ఆనాడే పూయవలెను. ఆలసించిన పొర మరల పెరిగి రంగు పట్టు తగ్గును. రాగి కలిసిన రంగు వాడరాదు. నీటిలో రాగి తాకిడికి అల్యూమినియము చెడును.

రంగు వేయుటకు ముందే పడవలో నీరు నింపి రివెట్లను, అతుకులను చూడుడు. కారు చోటు తెలిసినచో మరమ్మతు సులభము. వాడిన మందును, పరీక్షించిన తేదీని పంచాయతీ పుస్తకములో వ్రాసియుంచినచో, రాబోవు సభ్యులకు ఆ వ్రాతయే మార్గదర్శి యగును.