పెళ్ళి మాటల్లో రాని మాట



పెళ్ళిసంబంధం చూసేటప్పుడు మనం ఎన్ని అడుగుతామండీ! గోత్రం, నక్షత్రం, జీతం, సొంత ఇల్లుందా, ఆడపడుచులెందరు, అబ్బాయికి సిగరెట్టు అలవాటుందా, అన్నీ అడుగుతాం. ఒంట్లో జబ్బుల దగ్గరకొచ్చేసరికి మాత్రం "ఏం లేవండీ, నిక్షేపంలా ఉంటాడు" అని వాళ్ళూ, "మా అమ్మాయీ అంతేనండీ" అని మనమూ. అక్కడితో సరి. ఆ అడగని ప్రశ్నల్లో ఒకదాన్ని గురించి ఈవేళ చెబుతాను. హెర్పిస్ అనే అంటువ్యాధి అది. పేరు వినగానే రేడియో గొంతు తగ్గించకండి. పెళ్ళీడు పిల్లలు పక్కన ఉంటే మరీ మంచిది.

ముందు ఒక పొరపాటు తీసేద్దాం. నడుము మీదో వీపు మీదో పట్టీలాగా పొక్కులు లేచి మంటలు పుట్టించే సర్పి వేరు. అది చిన్నప్పటి ఆటలమ్మ వైరసు ఒంట్లో దాగి ఉండి, ఏళ్ళ తరవాత మళ్ళీ పైకి రావడం. డాక్టర్లు దాన్ని కూడా హెర్పిస్ అనే పేరుతోనే పిలుస్తారు కనక తికమక పడతాం. నేను చెప్పేది హెర్పిస్ సింప్లెక్స్. ఇందులో రెండు రకాలు. జ్వరం తగిలినప్పుడు పెదవి అంచున చిన్న చిన్న నీటిపొక్కులు లేస్తే "పురుగు పాకింది" అనేసి ఊరుకుంటాం చూడండి, అది చాలావరకు మొదటి రకమే. రెండో రకం మర్మావయవాల దగ్గర వస్తుంది. మొదటిది కూడా నోటి నుంచి అక్కడికి చేరవచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 సంవత్సరానికి వేసిన అంచనాలో, 50 ఏళ్ళలోపు వాళ్ళలో సుమారు 380 కోట్ల మందికి మొదటి రకమూ, 15 నుంచి 49 ఏళ్ళవాళ్ళలో సుమారు 52 కోట్ల మందికి రెండో రకమూ ఉన్నాయి. వాళ్ళలో చాలామందికి తమకు ఉన్నట్టే తెలియదు.

ఇది చర్మానికి చర్మం తగలడం వల్ల అంటుతుంది. మొదటిసారి వచ్చినప్పుడు పొక్కులు, మంట, ఒక్కోసారి జ్వరం, గజ్జల్లో బిళ్ళలు కట్టడం ఉంటాయి. రెండు మూడు వారాల్లో మానిపోతుంది. వైరసు మాత్రం వెళ్ళిపోదు. నరాల మొదట్లో ముడుచుకుని కూర్చుంటుంది. అలసిపోయినప్పుడో, జ్వరం వచ్చినప్పుడో, కొందరికి నెలసరి ముందో మళ్ళీ తలెత్తుతుంది. రానురాను ఆ రావడం తగ్గుతుంది, బాధా తగ్గుతుంది. అయితే పొక్కు లేని రోజుల్లో కూడా కొద్దికొద్దిగా వైరసు చర్మం మీదకు వస్తూ ఉంటుంది. "ఇప్పుడేం లేదుగా, చెప్పడమెందుకు" అనడానికి వీల్లేనిది ఇందుకే. మరుగుదొడ్డి పీట వల్లా, ఈత కొలను వల్లా ఇది రాదు. కింద ఈ జబ్బు వచ్చిన పిల్లకు కంచం, దుప్పటి వేరు చెయ్యడం ఆ పిల్ల మనసును నొప్పించడమే తప్ప జాగ్రత్త కాదు.

మందుందా అంటే ఉంది. ఎసైక్లోవిర్ అనే మందు 1982లో అమెరికాలో మొదట పైపూతగా వచ్చింది. దాని వెనక ఉన్న పరిశోధకుల్లో గెర్‌ట్రూడ్ ఎలియన్ అనే ఆవిడ ముఖ్యురాలు. 1988లో నోబెల్ బహుమతి పంచుకున్నారు. ఈ మందు వైరసును తరిమెయ్యదు, అణచి ఉంచుతుంది. దాని వంశంలోదే వాలసైక్లోవిర్. భార్యాభర్తల్లో, జంటల్లో ఒకరికే రెండో రకం ఉన్న 1484 జంటలతో ఒక పరీక్ష చేసి, 2004లో ఫలితం ప్రకటించారు. జబ్బున్నవాళ్ళు రోజూ ఒక బిళ్ళ వేసుకుంటే, ఎనిమిది నెలల్లో రెండోవారికి అంటడం దాదాపు సగానికి తగ్గింది. ఉత్తుత్తి బిళ్ళ వేసుకున్న జంటల్లో కూడా అంటింది నూటికి నలుగురికి లోపే. నిరోధ్ కూడా తగ్గిస్తుంది గాని, అది కప్పని చర్మం మీద కూడా వైరసు ఉండవచ్చు కనక పూర్తిగా ఆపదు.

ఇక నేను అసలు చెప్పాలనుకున్న సంగతి. 2006లో వెలువడిన మరొక అమెరికా పరిశీలనలో, కొత్తగా ఈ జబ్బు సోకినవాళ్ళను "మీ జతవాళ్ళు తమకున్నట్టు ముందే చెప్పారా?" అని అడిగారు. చెప్పిన చోట సోకడానికి మధ్యస్థంగా 270 రోజులు పడితే, చెప్పని చోట 60 రోజులే పట్టింది. చూశారా, చెప్పడం ఒట్టి నిజాయితీ వ్యవహారం కాదన్నమాట. చెబితే ఇద్దరూ కలిసి పొక్కులున్న రోజులు తప్పిస్తారు, డాక్టరును అడుగుతారు, మందు వాడతారు. నోటిమాట కూడా ఒక మందులాగా పనిచేస్తుంది.

మరి ఎందుకు చెప్పరు? సిగ్గు. ఆ సిగ్గు మన ఒక్క దేశానిదే అనుకోకండి. 1982 ఆగస్టులో అమెరికాలో టైమ్ పత్రిక ఈ జబ్బును ముఖచిత్రం మీదకెక్కించి, పాతకాలపు నవలలో వ్యభిచారం చేసిందని ఒక ఆడదాని రొమ్ము మీద కుట్టించిన ఎర్ర అక్షరంతో పోల్చింది. ఆడదాని మీదే కుట్టారు, గమనించారా? ఇక్కడా అంతే. అబ్బాయికుంటే "వయసులో ఏదో" అంటారు. అమ్మాయికుంటే "ఎలా వచ్చింది?" అంటారు. వైరసుకు ఆ తేడా తెలియదు.

ఇప్పుడు మన పిల్లలు హైదరాబాదులో, బెంగుళూరులో, అమెరికాలో ఉద్యోగాలు చేస్తూ తమ జతను తామే వెతుక్కుంటున్నారు. డేటింగ్ అంటారు. మనకు నచ్చినా నచ్చకపోయినా జరుగుతున్నదే. అలాంటి పిల్లకు ఈ జబ్బుందనుకోండి, ఎప్పుడు చెప్పాలి? మొదటిరోజు కాఫీ తాగుతూ చెప్పనక్కర్లేదు. కాస్త నమ్మకం కుదిరాక, ఒళ్ళు దగ్గరయ్యే లోపల చెప్పాలి. దగ్గరైపోయాక చెబితే అవతలివాళ్ళకు ఆలోచించుకునే వీలుండదు కదా. పెద్దలు కుదిర్చే సంబంధమైతే, ఇరువైపులా ఇష్టమే అనుకున్న తరవాత, తాంబూలాలు పుచ్చుకునే ముందు చెప్పాలి. చెప్పవలసింది ఆ అబ్బాయికి మాత్రమే. మధ్యవర్తికి కాదు, అత్తగారు కాబోయే ఆవిడకూ కాదు. మధ్యవర్తి చెవిన పడ్డ మాట మర్నాటికి ఊరు దాటుతుంది!

ఎలా చెప్పాలంటే, ఏడుస్తూ క్షమాపణగా వద్దు. "మీతో ఒక సంగతి చెప్పాలి. నాకు హెర్పిస్ ఉంది. అప్పుడప్పుడు వస్తుంది, మందు వాడుతున్నాను. మీకు అంటకుండా చూసుకునే మార్గాలున్నాయి. ఆలోచించుకుని చెప్పండి, కావాలంటే ఇద్దరం కలిసి డాక్టరు దగ్గరకు వెళదాం. ఈ మాట మనిద్దరి మధ్యే ఉంచండి." ఇంతే. జవాబు అప్పటికప్పుడే రావాలని పట్టుబట్టకూడదు. ఆ అబ్బాయి వద్దనవచ్చు. బాధే, కాదనను. కాని పెళ్ళయిన ఆరు నెలలకు తెలిసి తెగిపోయేదాని కంటే ఆ బాధ చిన్నది. 1955 నాటి హిందూ వివాహ చట్టంలో అంటుకునే సుఖవ్యాధి విడాకుల కారణాల్లో ఒకటిగా ఉంది. ముఖ్యమైన విషయం దాచి మోసగించి ఒప్పించారని రుజువైతే పెళ్ళి రద్దు కోరవచ్చు. మీ అబ్బాయి విషయంలోనూ ఇదే వరస. కొడుకు తల్లులు కాస్త చెవి ఇటు పెట్టండి.

అంతకంటే ముందు ఆ పిల్ల మీ దగ్గరకు రావచ్చు. "అమ్మా, నీతో ఒక మాట" అని మొదలుపెడుతుంది. మనం "ఛీ, ఏం పని చేశావే!" అన్నామా, ఇక ఆ నోరు ఎవరి దగ్గరా విచ్చుకోదు. "డాక్టరుకు చూపించావా తల్లీ?" అని అడిగి చూడండి.

పెళ్ళయి పదిహేనేళ్ళయినవాళ్ళకు కూడా ఒక మాట. ఇన్నేళ్ళ తరవాత హఠాత్తుగా పుండు కనబడితే, భర్త తప్పు చేశాడనో భార్య తప్పు చేసిందనో తీర్పు చెప్పేయకండి. వైరసు ఏళ్ళ తరబడి చడీచప్పుడు లేకుండా ఉండి, అప్పుడు మొదటిసారి బయటపడవచ్చు. రక్తపరీక్ష కూడా ఎప్పుడు సోకిందో, ఎవరి నుంచి సోకిందో చెప్పలేదు. అనుమానంతో కాపురాలు కూల్చుకునే ముందు ఈ సంగతి గుర్తుంచుకోండి.

గర్భిణులు మాత్రం డాక్టరమ్మ దగ్గర దాచనే కూడదు. పాత జబ్బయితే బిడ్డకు ముప్పు చాలా తక్కువ. నెలలు నిండే రోజుల్లో కొత్తగా సోకితేనే ముప్పు ఎక్కువ. తెలిస్తే చివరి నెలలో మందిస్తారు, కాన్పు వేళకు పుండ్లుంటే ఆపరేషను చేస్తారు. అంచేత భర్తకు ఉన్నా చెప్పాలి. పసిబిడ్డను చూడవచ్చిన చుట్టాల్లో పెదవి మీద పొక్కు ఉన్నవాళ్ళుంటే, బిడ్డను ముద్దుపెట్టుకోనివ్వకండి. వాళ్ళు ఏమైనా అనుకోనివ్వండి.

పొక్కులు కనబడితే పసుపో సున్నమో రాసి కూర్చోకండి. మానిపోయాక వెళితే డాక్టరు చూడటానికేమీ మిగలదు. పచ్చిగా ఉన్న మొదటి రెండు మూడు రోజుల్లో వెళితే ఆ పుండు నుంచే తీసి పరీక్ష చేస్తారు, మందు కూడా అప్పుడే బాగా పనిచేస్తుంది. చర్మవ్యాధుల డాక్టరు చాలు. పెద్ద ప్రభుత్వాసుపత్రుల్లో దీనికి ప్రత్యేకమైన విభాగం ఉంటుంది. గుమ్మం దగ్గర సిగ్గనిపిస్తే, తోడుగా మరొకరిని తీసుకెళ్ళండి.