బౌద్ధ పదాల ప్రయాణం: అనువాదం, ఆదానం

బౌద్ధం భారతదేశంలో పుట్టి ఆసియా ఖండమంతటా వ్యాపించిందన్న వాక్యం మనమంతా బడిలో చదువుకున్నదే. అయితే 'వ్యాపించింది' అనే క్రియ వల్ల ఒక అపోహ కలిగే అవకాశం ఉంది. నీళ్ళు పల్లానికి పారినట్లుగా ఒక మతం తనంతట తాను దేశాలు దాటిపోదు. చేరిన ప్రతి చోటా అప్పటికే ఒక భాష ఉంటుంది, ఆ భాషలో అప్పటికే దేవతలు, పితృదేవతలు, తత్త్వవేత్తలు ఉంటారు. వారందరి మధ్య కొత్త మాటకు చోటు చూపించేవారు ఆ నేలవారే. బౌద్ధానికీ ఇతర ఆసియా మతాలకూ గల సంబంధాన్ని పదాల ఆధారంగా పరిశీలించడం ఈ వ్యాసంలో మా ఉద్దేశం.

పరభాషలోని భావం మన భాషలోకి రావడానికి ప్రధానంగా రెండు దారులున్నాయి. ఉన్న మాటతోనే ఆ భావాన్ని చెప్పడం అనువాదం. పరాయి మాటనే తెచ్చుకోవడం ఆదానం. చూడడానికి ఇది నిఘంటుకర్తల వ్యవహారంలా కనిపిస్తుంది. కాని చైనాలో ఇది మతసమస్యే అయింది.

క్రీ.శ. 148లో పార్థియా దేశస్థుడైన అన్ షికావో అనే భిక్షువు లోయాంగ్ నగరం చేరి బౌద్ధ గ్రంథాల అనువాదానికి పూనుకున్నాడు. ఆ తొలి తరాల అనువాదకులకు చేతికందిన పదజాలంలో ఎక్కువ భాగం తావో మతానిది. 'బోధి'కి 'తావో', అంటే మార్గం అనే మాట వాడారు. 'నిర్వాణం' అన్నచోట 'వూవెయ్' అన్నారు. అది ప్రయత్నపూర్వకమైన కర్మ లేకుండా ప్రకృతితో ఒదిగి ఉండడాన్ని చెప్పే తావో పారిభాషిక పదం. దీనివల్ల చదువుకున్న చైనీయునికి కొత్త మతం సులువుగా పరిచయమైంది. నష్టం కూడా అందులోనే ఉంది. పాత మాట తన పాత అర్థాన్ని వెంటబెట్టుకునే వస్తుంది. బుద్ధుడు చెప్పిందీ లావోత్సే చెప్పిందీ ఒకటేనన్న భ్రమ బలపడింది. లావోత్సే పడమటి దేశాలకు వెళ్ళి అక్కడివారికి బోధించిన ధర్మమే బౌద్ధమని తావో మతస్థులు ఒక కథనే ప్రచారం చేశారు.

క్రీ.శ. 401లో ఛాంగాన్ నగరానికి వచ్చిన కుమారజీవుడు తన బృందంతో ఈ చిక్కును చాలావరకు విడదీశాడు. 7వ శతాబ్దిలో మన దేశమంతా తిరిగి, ధాన్యకటకాన్ని కూడా చూసి, 645లో స్వదేశం చేరిన హ్యుయాన్‌త్సాంగ్ మరొక అడుగు ముందుకు వేశాడు. అనువదించకుండా ధ్వనినే ఉంచవలసిన పదాలు ఐదు రకాలని ఆయన నియమం పెట్టినట్లు తర్వాతి చైనా గ్రంథాలు చెబుతున్నాయి. ధారణుల వంటి రహస్య పదాలు, 'భగవత్' వంటి నానార్థ పదాలు, జంబూవృక్షం వలె చైనాలో లేని వస్తువుల పేర్లు, పూర్వులు ధ్వనిరూపంలోనే స్థిరపరచిన పదాలు, గౌరవం తగ్గకూడని పదాలు అన్నవి ఆ ఐదు రకాలు. చివరి దానికి ఉదాహరణ 'ప్రజ్ఞ'. దాన్ని వాడుకలో ఉన్న 'తెలివి' అనే మాటతో చెబితే భావం పలచబడుతుందని వారి అభిప్రాయం. అనువాద శాస్త్రంలో ఇంత సూక్ష్మమైన ఆలోచన ఆ కాలంలోనే జరగడం విశేషం.

టిబెట్టువారు దీనికి పూర్తిగా భిన్నమైన దారి పట్టారు. వారు దాదాపు ప్రతి మాటనూ అనువదించారు. 'నిర్వాణం' వారి భాషలో 'దుఃఖాన్ని దాటిపోవడం' అయింది. 9వ శతాబ్ది ఆరంభంలో రాజాజ్ఞపై తయారైన 'మహావ్యుత్పత్తి' అనే సంస్కృత-టిబెటన్ పదకోశంలో సుమారు 9,500 పదాలున్నాయి. ఏ సంస్కృత పదానికి ఏ టిబెటన్ పదం వాడాలో అది నిర్ణయించింది. ఈ క్రమశిక్షణ వల్లనే, మూలం నశించిన కొన్ని సంస్కృత గ్రంథాల స్వరూపాన్ని టిబెటన్ అనువాదాల నుంచి పండితులు ఊహించగలుగుతున్నారు. మన ఇంట పోయిన వస్తువు జాడ పొరుగింట దొరికిందన్నమాట.

ఇక ఆదాన పదాల సంగతి చూద్దాం. సంస్కృత 'ధ్యాన' పాళీలో 'ఝాన'. చైనీయులు విన్నది ఇటువంటి ప్రాకృత రూపాన్నే అని అక్కడి 'ఛాన్' అనే ధ్వని సూచిస్తుంది. అదే కొరియాలో 'సొన్', వియత్నాంలో 'థియెన్', జపానులో 'జెన్'. ఇంతవరకు చాలామందికి తెలిసినదే. ఇంతకంటే ఆసక్తికరమైనవి బజారుకెక్కిన మాటలు. 'క్షణ' శబ్దం జపానులో 'సెత్సునా' అయి ఇప్పటికీ క్షణకాలాన్నే చెబుతున్నది. 'దాన' శబ్దం నుంచి వచ్చిన 'దన్నా' మొదట విహారానికి దానమిచ్చే దాతను, పోషకుణ్ణి చెప్పి, క్రమంగా యజమానినీ, ఇంట్లో భర్తనూ చెప్పే మాట అయింది. 'నరక' శబ్దం 'నరకు' అయి, నరకాన్నే కాక కబుకి నాటకశాలలో రంగస్థలం కింద ఉండే చీకటి అరను కూడా సూచిస్తుంది. ఈ మాటలు వాడేవారికి వాటి పుట్టిల్లు గుర్తుండనక్కరలేదు. పదం పూర్తిగా ఇంటిదయిందనడానికి అదే గుర్తు.

మాటలకు జరిగినదే ఆచారాలకూ దేవతలకూ జరిగింది. తల గొరిగించుకుని సన్యసించడం, సంతానం లేకపోవడం తల్లిదండ్రులకు ద్రోహమని కన్ఫ్యూషియస్ అనుయాయులు గట్టిగా ఆక్షేపించారు. మౌద్గల్యాయనుడు ప్రేతలోకంలో ఉన్న తల్లిని సంఘానికి చేసిన దానఫలంతో ఉద్ధరించిన కథ చైనాలో విశేష ప్రచారం పొందడానికి ఇది ఒక కారణం. ఏడవ నెల పున్నమినాడు పితరులను తలచుకొనే ఆ పండుగే జపానులో 'బోన్' పండుగ. మన సరస్వతి అక్కడ 'బెంజాయ్‌తెన్' అయి, షింటో దేవతలతో కలిసిపోయి, సప్త భాగ్యదేవతలలో ఒకరుగా పూజలందుకుంటున్నది.

ఈ సంబంధం ఎల్లప్పుడూ సామరస్యంగానే సాగిందని చెప్పలేం. 845 ప్రాంతంలో తాంగ్ చక్రవర్తి వూజోంగ్ వేలాది విహారాలను మూయించి, రెండున్నర లక్షలకు పైగా భిక్షు భిక్షుణులను గృహస్థులుగా మార్చినట్లు చైనా చరిత్రలే చెబుతున్నాయి. ఆయన ఆక్షేపణలలో బౌద్ధం పరదేశీ మతమన్నది ఒకటి. జపానులో 1868లో మేజీ ప్రభుత్వం షింటో దేవతలనూ బుద్ధులనూ వేరుచేయాలని ఉత్తర్వులిచ్చింది. వెయ్యేళ్ళకు పైగా కలిసి ఉన్న ఆలయాలు విడిపోయాయి, అనేక విగ్రహాలు ధ్వంసమయ్యాయి. అయినా 'దన్నా'నూ 'సెత్సునా'నూ జనం నోటి నుంచి తొలగించడం ఏ ఉత్తర్వుకూ సాధ్యం కాలేదు.

ఈ కథలో తెలుగు నేలకు కూడా ఒక పాత్ర ఉంది. క్రీ.శ. 3వ శతాబ్దిలో, ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుని పాలనలో, బోధిసిరి అనే ఉపాసిక నాగార్జునకొండలో ఒక చైత్యగృహం కట్టించి ప్రాకృత శాసనం వేయించింది. దాన్ని ఆమె తామ్రపర్ణి, అంటే సింహళ దేశపు ఆచార్యులకు అంకితం చేసింది. ఆ ఆచార్యుల ప్రభావం పొందిన దేశాల జాబితాలో కాశ్మీరం, గాంధారం, చీనా మొదలైన వాటితోపాటు వనవాసి, దమిళ, తోసలి, పాలూరు, అపరాంతం ఉన్నాయి. అంటే నేటి కర్ణాటక, తమిళనాడు, ఒడిశా, మహారాష్ట్ర ప్రాంతాలు. ఈ సంచిక చదువుతున్న వారిలో అనేకుల నివాసాలు అక్కడివే. ఆ దేశాలను ఆచార్యులు జయించారని శాసనం అనలేదు. 'పసాదక' అన్నది, అంటే ప్రసన్నం చేసినవారని. పరభాషా ప్రాంతంలో నిలదొక్కుకోవలసిన ఏ సంస్కృతికైనా ఈ ఒక్క మాటలో మార్గం ఉందని మా భావన.

హోసూరులోనో బరంపురంలోనో స్థిరపడిన కుటుంబాల తెలుగులో తమిళ, కన్నడ, ఒడియా పదాలు చేరితే, అర్థాలు కొంత పక్కకు జరిగితే, భాష చెడిపోయిందని అనడం మనలో కొందరికి అలవాటు. 'ధ్యానం' 'జెన్' అయినందువల్ల చెడలేదు. ఆ మార్పే లేకుంటే అది జపానులో నిలిచేదే కాదు. మారడం వేరు, మాసిపోవడం వేరు. మాట మారినా వాడేవాళ్ళున్నంతకాలం దానికి ప్రాణం ఉంటుంది. ఎంత శుద్ధమైన మాట అయినా పిల్లలకు అందకపోతే అది శాసనంలోని ప్రాకృతంలా చదివి చెప్పేవారి కోసం ఎదురుచూడవలసిందే. పొరుగు భాషలోని ఏ మాట మన నోట మారిందో, మన మాట ఏది వారి నోట మారిందో ఇళ్ళలో పెద్దలను అడిగి రాసిపెట్టుకోవడం ఇందుకు మొదటి మెట్టు. 'మహావ్యుత్పత్తి' కూడా అటువంటి జాబితాయే.