రెండు తెరలు, ఒక గడియారం

మా ఊరు దుర్గిలో ఇంట్లోనే కూర్చుని బెంగుళూరు కంపెనీకి కోడ్ రాసే మా వీధి కుర్రాడు రెండో మానిటర్ కొన్నాడు. ఒకదాని మీద కోడ్, ఇంకోదాని మీద అది నడిచే తీరు చూసుకోవచ్చని వాడి ఆలోచన. "బాబాయ్, దీనికి ఎన్ని జీబీ కార్డు వేయమంటావు?" అన్నాడు. గ్రాఫిక్స్ కార్డు మాటెత్తితే మనవాళ్లు ముందు అడిగేది జీబీలే. అమ్మేవాడు చెప్పేదీ అదే, డబ్బా మీద పెద్దక్షరాల్లో ఉండేదీ అదే. కోడ్ రాసుకునే రెండు తెరలకు ఆ లెక్కతో పని చాలా తక్కువ.

ఎంత తక్కువో వేసి చూద్దాం. తెర మీద అడ్డంగా 1920, నిలువుగా 1080 చుక్కలు. మొత్తం 20 లక్షల 73 వేల 600. ఒక్కో చుక్క రంగుకు 4 బైట్లు వేసుకుంటే తెర మొత్తానికి దాదాపు 83 లక్షల బైట్లు, అంటే 8 ఎంబీ చిల్లర. రెండు తెరలూ కలిసి 17 ఎంబీ దాటవు. సెకనుకు 60 సార్లు ఆ బొమ్మను మొదటినుంచి చివరిదాకా పంపాలి కాబట్టి రెండింటికీ సెకనుకు 100 కోట్ల బైట్లు కావాలి. వినడానికి పెద్ద అంకే. కానీ చవక కార్డుల్లో ఒకటైన జీటీ 1030, జీడీడీఆర్5 మెమరీ ఉన్న రకమైతే, సెకనుకు 4,800 కోట్ల బైట్లు అందించగలదు.

ఇబ్బంది వచ్చేది ఆ బైట్లను చదివి తెరకు పంపేచోట. కార్డులో బొమ్మ గీసే భాగం వేరు, గీసినదాన్ని పంపే భాగం వేరు. గేములాడేవాళ్లు డబ్బులు పోసేది మొదటిదానికి. రెండోదాని పేరు డిస్‌ప్లే కంట్రోలర్. దానికి తెలివితేటలతో పనిలేదు. మెమరీలో పైనుంచి మొదలుపెట్టి వరుస తర్వాత వరుస, ఎడమనుంచి కుడికి, చుక్క తర్వాత చుక్క చదువుతూ పోతుంది. చివరికి వచ్చాక మళ్లీ మొదటికి. కంప్యూటర్ ఆపేదాకా అదే పని. రెండు తెరల మీద రెండు వేరు బొమ్మలు కావాలంటే ఇలాంటి కంట్రోలర్లు రెండుండాలి. చెరువు ఎంత నిండుగా ఉన్నా తూము ఒకటే అయితే పారేది ఒక కాలవే. 2020లో వచ్చిన యాపిల్ ఎం1 మ్యాక్‌బుక్ ఎయిర్‌ను చూడండి. వేగంలో అందరినీ నోరెళ్లబెట్టించిన ఆ యంత్రం తన తెర కాక బయటి మానిటర్ ఒక్కదాన్నే నడిపేది.

మెమరీని ఇలా చదివేవాళ్లను ఇద్దరిని పెట్టడం నిన్నమొన్నటి ఆలోచన అనుకుంటాం. 1981లో వచ్చిన మొదటి ఐబీఎం పీసీలోనే ఆ వీలుంది. ఐబీఎం రెండు రకాల కార్డులు అమ్మింది. ఆఫీసు పనికి అక్షరాలు మాత్రమే చూపే ఎండీఏ, రంగులకు సీజీఏ. మెమరీలో మొదటిదాని చిరునామా బి0000, రెండోదానిది బి8000. రెండింటిలోనూ మోటరోలా 6845 చిప్పే, కానీ వాటితో మాట్లాడే పోర్టు నంబర్లు వేరు. అందుకని రెండు కార్డులనూ ఒకే పీసీలో గుచ్చినా ఒకదాని జోలికి ఒకటి వెళ్లదు. ప్రోగ్రామర్లు దీన్ని వదల్లేదు. రంగుల తెర మీద తాము రాసిన ప్రోగ్రాం నడుస్తుంటే, పక్కనున్న ఆకుపచ్చ అక్షరాల తెర మీద డీబగ్గర్ దాని లోపలి సంగతులు చూపేది. ప్రోగ్రాం చిత్తుగా చెడి రంగుల తెరంతా గీతలమయమైనా పక్క తెర చెక్కుచెదరదు. మా వాడు ఇప్పుడు కోరుకుంటున్నదీ దాదాపు ఇదే.

ఇక్కడ కాస్త పక్కకు వెళ్లాలి. ఎండీఏ కార్డుకు తనలో ఉన్న అక్షరాలు తప్ప ఇంకేవీ రావు. అక్షరాల ఆకారాలు దాని చిప్పులో ముందే ముద్రపడి ఉండేవి. వాన్ సువన్నుకుల్ అనే థాయ్ ఇంజనీరుకు తన భాష లిపి తెర మీద చూడాలనిపించి, చుక్క చుక్కనూ విడిగా వెలిగించే కార్డు చేశాడు. అదే 1982 నాటి హెర్క్యులిస్. అందులో 64 కేబీ మెమరీ. దాని రెండో సగం సరిగ్గా బి8000 దగ్గర మొదలై సీజీఏ చోటును తొక్కేస్తుంది. అందుకని రంగుల కార్డు పక్కన ఉన్నప్పుడు సగం మెమరీతోనే సర్దుకునే ఏర్పాటు కూడా అందులో పెట్టారు. మన లిపులకూ అదే చిక్కు. గుణింతాలు, ఒత్తులు ఉన్న తెలుగు ఆ పాత కార్డుల్లో ఇమిడేదా? ఐఐటీ కాన్పూరులో మొదలై పుణెలోని సీడాక్ చేతుల్లో పెరిగిన జిస్ట్ కార్డును పీసీలో గుచ్చితే డాస్ ప్రోగ్రాముల్లో తెలుగు కనిపించేది. తెలుగువాళ్లకు నిజంగా అవసరపడిన తొలి గ్రాఫిక్స్ కార్డు అదేనని నేనంటాను. గేముల పిల్లలు ఒప్పుకోకపోవచ్చు.

మళ్లీ రెండు తెరల దగ్గరికి వద్దాం. 1999లో కెనడా కంపెనీ మాట్రాక్స్ జీ400 అనే కార్డులో ఇద్దరు చదివేవాళ్లనూ ఒకే చిప్పులో కూర్చోబెట్టింది. ఆఫీసుల్లో రెండు తెరల అలవాటుకు ఊపిచ్చినవాటిలో అదొకటి. ఆ వెనకే ఎన్విడియా, ఏటీఐ తమ కార్డుల్లోనూ పెట్టాయి.

నాకు అన్నిటికంటే ఇష్టమైనది దీని తర్వాతి తగువు. అది గడియారాల తగువు. తెరకు చుక్కలు పంపడానికి ఒక తాళం కావాలి. వరుసకు 1920 చుక్కలే కనిపించినా లెక్కలో 2200 ఉంటాయి, 1080 వరుసలకు 1125 ఉంటాయి. పిక్చర్ ట్యూబు రోజుల్లో ఎలక్ట్రాన్ పుంజం మళ్లీ ఎడమ అంచుకు, చివరి వరుస తర్వాత మళ్లీ పైకి చేరడానికి ఇచ్చిన వ్యవధి అది. ట్యూబులు పోయినా వ్యవధి పోలేదు. 2200ను 1125తో, మళ్లీ 60తో గుణిస్తే సెకనుకు 14 కోట్ల 85 లక్షల టిక్కులు. డీవీఐ, మామూలు హెచ్‌డీఎంఐ కేబుళ్లలో ఈ టిక్కుల కోసమే విడిగా ఒక తీగల జత ఉంటుంది. మానిటర్ మారితే తాళం మారుతుంది. కాబట్టి ఒక్కో మానిటర్‌కు కార్డులో ఒక్కో గడియారం.

డిస్‌ప్లేపోర్ట్ ఈ గొడవను భలే తప్పించింది. అందులో టిక్కుల తీగే లేదు. కేబుల్ ఎప్పుడూ కొన్ని నిర్ణీత వేగాల్లో ఒకదాంతో నడుస్తుంది, చుక్కలు పొట్లాలుగా వెళ్తాయి, పొట్లంలో మిగిలిన ఖాళీని ఉత్తుత్తి బైట్లతో నింపుతారు. మరి మానిటర్‌కు తన తాళం ఎలా తెలుస్తుంది? కార్డు ఎమ్, ఎన్ అనే రెండు అంకెలు కూడా పంపుతుంది. కేబుల్ సెకనుకు 27 కోట్ల టిక్కులతో నడుస్తుంటే ఆ రెండింటి నిష్పత్తి 11కు 20. 27 కోట్లను 11తో గుణించి 20తో భాగించండి, సరిగ్గా 14 కోట్ల 85 లక్షలు. లెక్క మానిటరే చేసుకుంటుంది. కార్డులోని ఒకే గడియారం ఎన్ని డిస్‌ప్లేపోర్ట్ తెరలకైనా సరిపోతుంది.

2009లో ఏఎండీ రేడియాన్ హెచ్‌డీ 5870తో రెండు తెరల హద్దు దాటింది ఈ కిటుకు పట్టుకునే. మూడు తెరలు నడుస్తాయి, కానీ మూడోది డిస్‌ప్లేపోర్ట్ అయితీరాలి. పాత రకం పోర్టులకు గడియారాలు రెండే. ఆరు తెరల కార్డు తెచ్చినప్పుడు ఆరూ మినీ డిస్‌ప్లేపోర్టులే పెట్టారు. ఆ రోజుల్లో ఎన్విడియా జీటీఎక్స్ 580 వెనక మూడు పోర్టులున్నా ఒకేసారి వెలిగేవి రెండు తెరలే. 2012లో జీటీఎక్స్ 680 వచ్చాకే అది నాలుగుకు చేరింది. అదే ఏడు ఇంటెల్ తన ప్రాసెసర్లలోనే మూడు తెరల వీలు పెట్టింది, అదే గడియారాల షరతుతో. మిగతా చరిత్ర అంతా గేములు, ఏఐ. దాంతో మనకు పనిలేదు.

మా వాడికి చెప్పింది ఇది. ముందు ప్రాసెసర్ పేరు చూడు. ఇంటెల్‌ది అయి, చివర ఎఫ్ అక్షరం లేకపోతే చాలావరకు గ్రాఫిక్స్ అందులోనే ఉన్నట్టు. మదర్‌బోర్డు వెనక హెచ్‌డీఎంఐ, డిస్‌ప్లేపోర్ట్ రెండూ ఉంటే కార్డే అక్కర్లేదు. ఎఫ్ ఉంటే జీటీ 1030 లాంటిది చాలు. 30 వాట్లతో సరిపెట్టుకుంటుంది, కరెంటు పోతే యూపీఎస్ మీద భారం పడదు. ఫ్యాన్ లేని రకాలూ దొరుకుతాయి, దుమ్ము పట్టే ఫ్యాన్ ఒకటి తగ్గుతుంది. అయితే ఎండలకు పేరుపడ్డ రెంటచింతల పక్కనే ఉన్న మనకు మే నెలలో క్యాబినెట్‌లో గాలి ఆడకపోతే అవీ ఉడికిపోతాయి, కాబట్టి క్యాబినెట్ ఫ్యాన్ మాత్రం తీయకు. ఆ కార్డు నడిపేది రెండు తెరలనే. రేపు మూడోది కావాలనిపిస్తే ఇప్పుడే వేరే కార్డు చూసుకో. అప్పుడు డిస్‌ప్లేపోర్ట్ నుంచి హెచ్‌డీఎంఐకి మార్చే చవక అడాప్టర్ కొనేముందు అది యాక్టివా, పాసివా అని అడుగు. పాసివ్ అయితే కార్డు ఆ పోర్టునుంచి హెచ్‌డీఎంఐ సంకేతాలే పంపుతుంది, వాటికి మళ్లీ ఒక గడియారం కావాలి.